రోబోలు చేసే పిల్లలు – ఆసరా కోరే చేతులు



ఆరోగ్య పత్రికలో రోబోల సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. రక్తపోటు, షుగరు వ్యాధి, గర్భిణీ స్త్రీల ఆహారం, చిన్నపిల్లల టీకాలు మన పత్రికలో ఎప్పుడూ ఉండే విషయాలు. ఈసారి హైస్కూలు పిల్లలు జట్లుగా ఏర్పడి రోబోలు తయారుచేసి పోటీలకు వెళ్లడం గురించి రాస్తున్నాము. ఈ పోటీలను మొదలుపెట్టిన మనిషి వృత్తిరీత్యా వైద్య పరికరాల రూపకర్త. ఆ పోటీలలో అన్నిటికన్నా పెద్ద గౌరవాన్ని నిర్ణయించేటప్పుడు రోబో ఎన్ని పాయింట్లు తెచ్చిందని చూడరు, ఆ జట్టు తన చుట్టూ ఉన్న మనుషులకు ఏమి మేలు చేసిందని చూస్తారు. అందువల్ల ఇది మన పత్రికకు తగిన విషయమే అని మేము అనుకొన్నాము.

కృష్ణా జిల్లా ఉంగుటూరు పరిసరాలలో చెయ్యే జీవనాధారం. వరి నాటేది, కోసేది, నూజివీడు వైపు తోటలలో మామిడికాయ తెంపేది, తట్ట ఎత్తేది చెయ్యే. చొప్ప కోసే యంత్రంలో రెండు వేళ్లు పోయిన కూలీకి, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన తండ్రికి, వేళ్లు సరిగా రాకుండా పుట్టిన పాపకు మందుల చీటీ రాసి పంపితే పని ముగిసిపోదు. గాయం మానుతుంది, కుట్లు విప్పుతాము. ఆ తరువాత అన్నం ఎలా కలుపుకోవాలి, చొక్కా బొత్తాం ఎలా పెట్టుకోవాలి, పలకమీద ఎలా రాయాలి అనే ప్రశ్నలు ఇంటికి వెళ్లిన మరునాటి ఉదయమే మొదలవుతాయి. ఆ ప్రశ్నలకు జవాబు వెదకడంలో బడిపిల్లలు కూడా తోడ్పడగలరని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రోబో అంటే ఏమిటి?

రోబో అనగానే సినిమాలో చూసిన ఇనుప మనిషి గుర్తుకు వస్తాడు. పిల్లలు చేసే రోబో అలా ఉండదు. నాలుగు చక్రాల బండిలాగానో, పొడవాటి కొక్కెంలాగానో ఉంటుంది. దాని పనితీరు మన శరీరంతో పోల్చి చూస్తే సులభంగా అర్థమవుతుంది. మనకు కన్ను, చెవి, చర్మం ఉన్నట్టే రోబోకు వెలుతురును, దూరాన్ని, వేడిని కనిపెట్టే సెన్సార్లు ఉంటాయి. మెదడు స్థానంలో అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు బోర్డు ఉంటుంది. నరాల స్థానంలో తీగలు, కండరాల స్థానంలో మోటార్లు, ఆహారం స్థానంలో బ్యాటరీ ఉంటాయి.

వేడి గిన్నె తగలగానే మన చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. చర్మం కబురు పంపింది, నరాలు అందుకొన్నాయి, కండరం లాగింది. రోబో కూడా ఇంతే. సెన్సారు కబురు పంపుతుంది, బోర్డు నిర్ణయిస్తుంది, మోటారు కదులుతుంది. ఏ కబురుకు ఏమి చేయాలో ముందుగా రాసిపెట్టేది పిల్లలు. 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం రూపొందిన ఆర్డ్వినో వంటి చవకైన బోర్డులు వచ్చిన తరువాత ఈ పని మామూలు బడులకు కూడా అందుబాటులోకి వచ్చింది.

పోటీలు ఎలా మొదలయ్యాయి?

అమెరికాలో డీన్ కేమెన్ అనే ఆవిష్కర్త ఉన్నాడు. 1970లలో, ఇంకా చదువుకొంటున్న రోజులలోనే, రోగి ఒంటిపై పెట్టుకొని తిరుగుతూ మందు ఎక్కించుకోగల చిన్న పంపును ఆయన తయారుచేశాడు. తరువాత ఇంటివద్దనే వాడుకొనే డయాలిసిస్ యంత్రం, మెట్లు ఎక్కగల చక్రాల కుర్చీ రూపొందించడంలో ఆయన సంస్థ పనిచేసింది. చెయ్యి పోగొట్టుకొన్న సైనికుల కోసం ఆ సంస్థ తయారుచేసిన కృత్రిమ హస్తానికి 2014లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది.

ఆటగాళ్లను, సినిమా తారలను ఆరాధించే పిల్లలకు శాస్త్రజ్ఞుల పని కూడా అంత ఉత్సాహంగా కనబడాలని ఆయన కోరిక. ఆ కోరికతో 1989లో ఫస్ట్ అనే సంస్థను స్థాపించాడు. 1992లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక హైస్కూలు వ్యాయామశాలలో 28 జట్లతో మొదటి పోటీ జరిగింది. ఆ తరువాత అది అనేక దేశాలకు విస్తరించింది. చిన్న పిల్లల కోసం 1998లో లెగో సంస్థతో కలిసి మరొక పోటీ కూడా ఆరంభమైంది.

మన ప్రాంతం నుండి వెళ్లి అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పోటీలు కొత్త కాదు. సెలవులలో ఇక్కడకు వచ్చిన మనవడు, మనవరాలు "మా రోబోటిక్స్ టీం" అని చెప్పుకోవడం మీలో కొందరు వినే ఉంటారు.

పోటీలో ఏమి జరుగుతుంది?

హైస్కూలు జట్ల పెద్ద పోటీలో ఒక్కొక్క ఆట సుమారు రెండున్నర నిమిషాలు సాగుతుంది. ఆరంభంలో కొన్ని సెకన్లు రోబో తనంతట తానే నడవాలి. తరువాత పిల్లలు నడుపుతారు. మూడు జట్లు ఒక పక్షం, మూడు జట్లు మరొక పక్షం. ఎవరితో కలిసి ఆడాలో ముందే తెలియదు. ఉదయం ఎదుటి పక్షంలో ఉన్న జట్టు మధ్యాహ్నానికి మన పక్షంలోకి రావచ్చు. అందుచేత ఎదుటి జట్టు మోటారు కాలిపోతే తమ పెట్టెలోని మోటారు తీసి ఇచ్చే పిల్లలు అక్కడ మామూలుగా కనిపిస్తారు.

గట్టిగా పోటీపడాలి, ఎదుటివారిని గౌరవించాలి. ఈ రెండూ కలిసే ఉండాలని పిల్లలకు నేర్పినవాడు ఊడీ ఫ్లవర్స్ అనే ఆచార్యుడు. ఎం.ఐ.టి.లో చాలాకాలం బోధించి 2019లో మరణించాడు. ఆయన నేర్పిన ఆ మాటను మన భాషలో మర్యాదతో కూడిన పనితనం అనవచ్చు.

ఆటలో గెలిచినవారికి బహుమతి ఉంటుంది. అయితే ఆ పోటీలో అత్యున్నత గౌరవం వేరే ఉంది. చాలాకాలం దానిని ఛైర్మన్స్ అవార్డు అని పిలిచారు. 2022–23 నుండి ఇంపాక్ట్ అవార్డు అంటున్నారు. తమ బడిలో, తమ ఊరిలో, తమకన్నా చిన్నవారిలో, అవకాశం లేనివారిలో ఈ జట్టు ఏ మార్పు తెచ్చింది? న్యాయనిర్ణేతలు అడిగే ప్రశ్న ఇది. ఆటలో చివర నిలిచిన జట్టు కూడా ఈ గౌరవానికి అర్హమే. చిన్న పిల్లల పోటీలలో సైతం రోబో ఆటతోపాటు ఒక సమస్యను తీసుకొని, ఆ సమస్య అనుభవిస్తున్నవారిని, తెలిసినవారిని కలిసి మాట్లాడి, పరిష్కారం చూపించాలి. రోబో ఒక్కటే బాగుంటే చాలదు.

ఆరుగురు బాలికలు, ఒక పాప

2010–11 సంవత్సరంలో ఆ చిన్న పిల్లల పోటీకి ఇచ్చిన అంశం మానవ శరీరం, వైద్య సాంకేతికత. అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ పట్టణానికి చెందిన ఆరుగురు గర్ల్ స్కౌట్ బాలికలు ఫ్లయింగ్ మంకీస్ అనే పేరుతో జట్టు కట్టారు. వారి వయసు 11 నుండి 13 సంవత్సరాలు. కుడిచేతికి వేళ్లు లేకుండా పుట్టిన మూడేళ్ల పాప ఒకరు దూరాన జార్జియా రాష్ట్రంలో ఉందని వారికి తెలిసింది. ఆ పాప పెన్సిలు పట్టుకోలేదు.

ఆ బాలికలు పెద్ద యంత్రమేమీ చేయలేదు. వేడిచేస్తే చేతి ఆకారానికి ఒదిగే ప్లాస్టిక్, అంటించి ఊడదీయగల పట్టీ, పెన్సిలు దూర్చే గొట్టం వంటి మామూలు వస్తువులతో ఒక చిన్న సాధనం చేశారు. దానికి బాబ్‌–1 అని పేరు పెట్టారు. మోటారు లేదు, బ్యాటరీ లేదు. ఆ పాప దానిని తొడుక్కొని గీతలు గీసింది. 2011లో ఆ జట్టుకు ఫస్ట్ సంస్థ తొలిసారిగా ఇచ్చిన ప్రపంచస్థాయి ఆవిష్కరణ బహుమతి, 20,000 డాలర్లు లభించాయి.

రోబోల పోటీలో మోటారే లేని వస్తువుకు అంత పెద్ద బహుమతి వచ్చింది. మన పిల్లలు, ఉపాధ్యాయులు ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి. చేతిలో ఉన్న సామాను చూసుకొని పని ఎంచుకొంటే అవసరం లేనిచోట కూడా మోటారు పెట్టాలనిపిస్తుంది. పాప చెయ్యి చూసి పని ఎంచుకొన్నవారికి గొట్టం, పట్టీ సరిపోయాయి.

హెరాత్ బాలికల శ్వాసయంత్రం

మరొక ఉదాహరణ మన ఖండంలోనిదే. ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్ నగరంలో రోయా మహబూబ్ అనే వ్యాపారవేత్త ప్రోత్సాహంతో బాలికల రోబోటిక్స్ జట్టు ఏర్పడింది. 2017లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ పోటీకి వెళ్లడానికి వారికి మొదట రెండుసార్లు వీసా నిరాకరించారు. చివరకు అనుమతి దొరికి వెళ్లారు, ధైర్యసాహసాలకు వెండి పతకం అందుకొన్నారు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఆ దేశంలో వెంటిలేటర్లు చాలా తక్కువ. విడిభాగాలు బయటినుండి తెప్పించడం కష్టం. ఆ బాలికలు ఎం.ఐ.టి. అందరికీ ఉచితంగా ఇచ్చిన నమూనాను తీసుకొని, పాత టొయోటా కరోలా కారు విడిభాగాలు, మోటారుసైకిలు చైను వంటివి వాడి, అత్యవసర శ్వాసయంత్రాన్ని తయారుచేసి జూలైలో చూపించారు. ఆసుపత్రిలోని పూర్తిస్థాయి వెంటిలేటరుకు అది సాటి కాదు. ఏదీ లేనిచోట ఊపిరి నిలపడానికి చేసిన ప్రయత్నం. 2021 ఆగస్టులో తాలిబాన్లు అధికారానికి వచ్చాక జట్టులో చాలామంది దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. పోటీ కోసం నేర్చుకొన్న విద్య మాత్రం తమవారికి కష్టకాలంలో పనికివచ్చింది.

వేలూరు నేర్పిన పాఠం

చేతిని తిరిగి పనికి తేవడం మిషను ఆసుపత్రులకు పాత పరిచర్యే. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించారు. వైద్యవిద్యకు ముందు ఇంగ్లండులో వడ్రంగం, తాపీపని వంటి కట్టుబడి పనులు నేర్చుకొన్నారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. ఆ మరుసటి సంవత్సరం చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమంలో వంకరపోయిన వేళ్లను చూసి, వాటిని సరిచేసే శస్త్రచికిత్సకు పూనుకొన్నారు. బాగా పనిచేస్తున్న కండరపు స్నాయువును పడిపోయిన వేలికి మార్చి అతికించే ఆ పద్ధతి వేలమంది వేళ్లను తెరిపించింది.

కాని ఆపరేషనుతో అంతా అయిపోలేదు. వేళ్లు చక్కబడి ఊరికి వెళ్లినవారికి పని ఇచ్చేవారు లేరు. చెయ్యి బాగుపడింది కనుక భిక్ష కూడా తగ్గింది. ఈ సంగతి రోగుల నోటనే విని, 1950ల తొలినాళ్లలో వేలూరులో నవజీవన కేంద్రం ఏర్పాటు చేశారు. అక్కడ రోగులు వడ్రంగం పని, బొమ్మల తయారీ నేర్చుకొన్నారు. స్పర్శ లేని చేతికి ఏ పనిముట్టువల్ల గాయమవుతున్నదో రోజూ కనిపెట్టి చూసేవారు. నొప్పి తెలియకపోవడంవల్లనే చెయ్యి పాడవుతున్నదని గ్రహించి పనిముట్ల పిడులను మార్చారు. ఒకప్పుడు ఉలి పట్టిన డాక్టరుకు రోగి చేతిలోని ఉలి కూడా వైద్యమేనని తెలిసింది. ఆయన 2003లో ప్రభువునందు నిద్రించారు.

ఫ్లయింగ్ మంకీస్ బాలికలు చేసిన పని, వేలూరులో జరిగిన పని ఒకే దారిలో నడిచాయి. రెండుచోట్లా ముందు అడిగారు, తరువాత చేశారు, వాడినవారు చెప్పినదానిని బట్టి మార్చారు.

మన దగ్గర ఉన్న అవకాశాలు

ఇదంతా అమెరికాకే పరిమితం అనుకోనక్కరలేదు. ప్రపంచ రోబో ఒలింపియాడ్ అనే మరొక పోటీ 2004లో సింగపూరులో మొదలైంది. 2016 నవంబరులో దాని అంతర్జాతీయ పోటీ మన దేశంలో, ఢిల్లీ సమీపంలో జరిగింది. అప్పటి అంశం చెత్త నిర్వహణ.

అదే 2016లో కేంద్ర ప్రభుత్వపు నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబులను ప్రారంభించింది. ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయం అందుతుంది. ఆరు నుండి పన్నెండు తరగతుల పిల్లలు త్రీడీ ప్రింటరు, సెన్సార్లు, రోబోటిక్స్ సామగ్రితో స్వయంగా పనిచేయవచ్చు. ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్లలో మరో 50,000 ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెటులో ప్రకటించారు. ఇన్‌స్పైర్ మనక్ పథకం కింద ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ నిమిత్తం విద్యార్థికి 10,000 రూపాయలు ఇస్తారు. మీ బడి ప్రధానోపాధ్యాయుని ఈ రెండింటి గురించి అడగండి.

మనకు సమీపంలోనే నూజివీడులో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ట్రిపుల్ ఐటి ఉంది. పదో తరగతి ముగించిన పల్లె పిల్లలు అక్కడ ఆరేళ్ల ఇంజినీరింగు చదువుకు చేరుతారు. మన బడిలోనే చదివి అక్కడ చేరిన అన్నయ్యలు, అక్కయ్యలు సెలవులలో వచ్చి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తీగలు కలపడం, ప్రోగ్రాము రాయడం నేర్పితే అంతకన్నా మంచి గురువులు దొరకరు.

బడిపిల్లల వల్ల ఏమవుతుందిలే అనేవారికి తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా ములకలపల్లి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల బాలికలు 2020లో జవాబు చెప్పారు. చెరువుల్లో పెరిగే గుర్రపుడెక్క, పసుపు, మెంతులు, వేప వంటివాటితో స్త్రీ రక్ష అనే పేరున శానిటరీ ప్యాడ్లు రూపొందించారు. అది రోబో కాదు. అయినా తమ ఊరి ఆడపిల్లల ఇబ్బందిని తామే గుర్తించి, తమ చుట్టూ దొరికే వస్తువులతో పరిష్కారం వెదికారు.

ఉంగుటూరు పిల్లలు ఏమి చేయవచ్చు?

అయిదుగురో పదిమందో పిల్లలు, ఒక సైన్సు టీచరు, ఊరిలోని ఒక ఎలక్ట్రీషియను లేక సైకిల్ మెకానిక్కు కలిస్తే జట్టు అయినట్టే. మామూలు బోర్డు, సెన్సారు, చిన్న మోటారు కొన్ని వందల రూపాయలలో దొరుకుతాయి. పాత సైకిలు బ్రేకు తీగ, గొడుగు ఊచలు, పాడైన మిక్సీ మోటారు, పి.వి.సి. పైపు ముక్కలు మన ఇళ్లలోనే ఉంటాయి. పోటీకి ఒక రోబో చేయండి. దానితోపాటు ప్రతి సంవత్సరం మీ ఊరిలోని ఒక్క మనిషి కష్టాన్ని ఎంచుకోండి. మేము చూస్తున్న కొన్ని అవసరాలు ఇవి:

• పక్షవాతం, కీళ్లవాతం వచ్చినవారికి సన్నని చెంచా, దువ్వెన, పెన్ను పట్టు దొరకదు. పిడి లావుగా, జారకుండా ఉండాలి. చేతికి పట్టీతో తగిలించుకొనే వీలుంటే ఇంకా మంచిది.

• కుష్ఠు నయమైనా, షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా వేళ్లకు, పాదాలకు వేడి తెలియదు. స్టీలు గ్లాసులో టీ పట్టుకొన్నా బొబ్బలు వస్తాయి. వేడి ఎక్కువైతే ఎర్రదీపం వెలిగే చిన్న పరికరం మంచి ప్రాజెక్టు. అయితే గ్లాసుకు చెక్క పిడి లేక మందపాటి గుడ్డ తొడుగు చాలునేమో కూడా ఆలోచించండి. యంత్రం అక్కరలేదని తేల్చడం కూడా మంచి ఇంజినీరు పనే.

• మామిడి కోతల కాలంలో చెట్టెక్కినవారు కొమ్మ విరిగి పడితే వెన్నుపూస దెబ్బతిని కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. సొన పడితే చర్మం, కళ్లు మండి పుండ్లవుతాయి. నేలమీద నిలబడే కాయను తొడిమతో కత్తిరించి చిక్కంలోకి దించే తేలికపాటి గడను మెరుగుపరచడం మన ప్రాంతపు పిల్లలకు తగిన పని. దానిని రోజంతా ఎత్తి పట్టుకొనేది కూలీ గనుక ఎంత బరువు ఉండాలో ఆయననే అడగాలి.

• యంత్రాలు చేయడమే సేవ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కుష్ఠు నయమైనవారు కూడా అందులో ఉన్నారు. సదరం శిబిరంలో ధ్రువపత్రం పొందడానికి ఏ కాగితాలు కావాలో తెలియక ఆగిపోయిన ముసలివారికి ఫారాలు నింపి, తేదీ కనుక్కొని చెప్పడం హైస్కూలు పిల్లలకు కష్టం కాదు.

సాయం చేయబోయే జట్టుకు కొన్ని మాటలు

చేతికి అమర్చే కృత్రిమ అవయవాలు తీసుకొన్నవారిలో చాలామంది కొంతకాలానికి వాటిని వాడటం మానేస్తారు. బరువు, చెమట, పట్టు కుదరకపోవడం, చిన్న మరమ్మతు చేసేవారు దగ్గరలో లేకపోవడం ముఖ్య కారణాలు. మన ఎండలో ఇవి ఇంకా ఎక్కువ. శిబిరంలో దండవేసి ఇచ్చిన పరికరం అటకమీద దుమ్ము పట్టి ఉంటే ఇచ్చినవారికి ఫోటో మిగులుతుంది, తీసుకొన్నవారికి నిరాశ మిగులుతుంది.

కాబట్టి ముందు వెళ్లి కూర్చొని, రోజులో ఏ పని అన్నిటికన్నా కష్టంగా ఉందో అడగండి. మీరు వంటకు ఇబ్బంది అనుకోవచ్చు. ఆమెకు జడ వేసుకోలేకపోవడమే పెద్ద బాధ కావచ్చు. మీరు చేసినదాన్ని వారం రోజులు వాడనివ్వండి. పుండు పడుతుందేమో చూడండి. కడగడానికి వీలుగా, ఊరిలోనే బాగుచేసుకొనే విధంగా చేయండి. అనుమతి లేకుండా ఫోటో తీయవద్దు, ఆ మనిషి పేరు పోటీలో చెప్పవద్దు. ఒంటికి తగిలించే ఏ సాధనాన్నైనా డాక్టరుకు లేక ఫిజియోథెరపిస్టుకు చూపించిన తరువాతనే ఇవ్వండి.

ఆరోగ్య జాగ్రత్తలు

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఈ కింది విషయాలు గమనించగోరుతున్నాము.

1. కోసేటప్పుడు, రంధ్రాలు చేసేటప్పుడు ప్రతి పిల్లవాడు కళ్లద్దాలు ధరించాలి. పెద్ద పోటీలలో కూడా ఇది తప్పనిసరి నియమం. జడలు ముడివేసుకోవాలి, చున్నీ చివరలు వేలాడకూడదు.

2. తీగలను అతికించే టంకములో సాధారణంగా సీసం ఉంటుంది. గాలి ఆడేచోట పనిచేయాలి. చేతులు సబ్బుతో కడుగుకోకుండా ఏమీ తినరాదు.

3. బ్యాటరీతో నడిచే తక్కువ వోల్టేజి పనులు మాత్రమే చేయించాలి. గోడ ప్లగ్గు కరెంటు జోలికి పోనివ్వరాదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని వాడరాదు. రాత్రి చార్జింగులో పెట్టి నిద్రపోరాదు.

4. పోటీ దగ్గరపడిందని నిద్ర మానుకొనే పిల్లలుంటారు. నిద్రలేని చేతికే గాయాలవుతాయి.

5. యంత్రంలో వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. తెగిన ముక్కను పారేయవద్దు. శుభ్రమైన నీటితో కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని మంచు కలిపిన నీళ్లలో ఉంచండి. ముక్కను నేరుగా మంచులో గాని నీళ్లలో గాని వేయరాదు. 108కు ఫోను చేసి వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కాఫీపొడి గాయంలో అద్దవద్దు.

6. చెట్టుమీది నుండి పడినవారిని చేతులు, కాళ్లు పట్టి మోయవద్దు. మెడ, నడుము వంగకుండా బల్లమీద పడుకోబెట్టి, నలుగురు కలిసి ఎత్తి తీసుకొని రండి.

సంఘములకు మనవి

ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు బెసలేలును, అహోలీయాబును పిలిచినప్పుడు చేతిపనిలోని నేర్పును కూడా ఆత్మవరంగానే వారికి ఇచ్చాడని నిర్గమకాండములో చదువుతాము. సమాజమందిరంలో ఊచచెయ్యి గలవానిని ప్రభువు విశ్రాంతి దినమని చూడకుండా బాగుచేసిన సంగతి సువార్తలలో ఉంది. చేతి నేర్పు గలవారు, చేతికి ఆసరా కావలసినవారు ఇద్దరూ మన సంఘములలో ఉన్నారు. ఆదివారపు బడి ఉపాధ్యాయులు, యౌవనస్థుల సమాజం, స్త్రీల సమాజం పూనుకొంటే వారిని ఒకరి దగ్గరకు మరొకరిని చేర్చవచ్చు. కులమతాలతో పనిలేకుండా ఊరిలోని ప్రతి బడి పిల్లలను ఇందులో కలుపుకోవాలి. ముఖ్యంగా ఆడపిల్లలకు, దివ్యాంగులైన పిల్లలకు జట్టులో చోటు ఇవ్వాలి. చెయ్యి లేని ఇబ్బంది ఏమిటో జట్టులో అందరికన్నా బాగా చెప్పగలిగేది ఆ పిల్లవాడే.

సైన్సు టీచర్లు తమ జట్టుతో ముందుగా కబురుచేసి ఆసుపత్రికి రావచ్చు. ఫిజియోథెరపీకి వచ్చే రోగులలో ఇష్టపడినవారితో పిల్లలు మాట్లాడటానికి మేము ఏర్పాటు చేస్తాము. వచ్చేటప్పుడు బోర్డులు, మోటార్లు తేనక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు తెచ్చుకొంటే మొదటి రోజుకు చాలు.